గాజు పలకలు ఎవరివి?

బౌహౌస్ అనగానే ఆర్కిటెక్చరో డిజైనో చదువుకున్నవాళ్ల కళ్ల ముందు ఒక భవనం నిలబడుతుంది. జర్మనీలోని డెసావ్‌లో 1926లో ప్రారంభమైన కళాశాల భవనం అది. మూడంతస్తుల గాజు గోడ, చదునైన పైకప్పు, ఎక్కడా ఒక్క అలంకారం లేని తెల్లటి గోడలు. మనలో ఆ ఊరు వెళ్లి చూసినవాళ్లు ఎంతమంది? మనం చూసింది ఫోటోని. భవనాన్ని రూపొందించిన వాల్టర్ గ్రోపియస్ పేరు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. ఆ ఫోటోలు తీసిన మనిషి పేరు మాత్రం దశాబ్దాలపాటు ఆ పుస్తకాల్లో కనిపించలేదు. ఆమె లూసియా మొహోలి. ఫోటోగ్రాఫర్, ప్రచురణ సంపాదకురాలు, ఫోటోగ్రఫీ చరిత్రకారిణి, కళావిమర్శకురాలు.

ఆమె పేరు లేకపోవడానికి కారణం అచ్చుయంత్రం దగ్గర జరిగిన పొరపాటు కాదు. ఆమె నెగెటివ్‌లు ఎక్కడున్నాయో తెలిసిన పెద్దమనిషి ఉన్నాడు. వాటితో ఏం చేస్తున్నాడో కూడా అతనికి తెలుసు. ఆమె అడిగితే, తిరిగి ఇవ్వడానికి మూడేళ్లూ ఒక లాయరూ కావలసి వచ్చింది. స్త్రీల శ్రమ చరిత్రలో 'కనిపించకుండా పోయింది' అని మనం తరచూ రాస్తుంటాం. ఆ వాక్యంలో కర్త ఉండడు. లూసియా విషయంలో కర్త ఉన్నాడు, తేదీలున్నాయి, ఉత్తరాలున్నాయి. కాబట్టి ఆమె జీవితం గురించి కర్తతో సహా మాట్లాడుకుందాం.

లూసియా షుల్ట్జ్ 1894 జనవరి 18న ప్రాగ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, కళాచరిత్ర చదివింది. తర్వాత జర్మనీలో ప్రచురణ సంస్థల్లో సంపాదకురాలిగా పనిచేసింది. 1919 ప్రాంతంలో తీవ్ర వామపక్ష భావాలున్న రచనలను ఉల్రిష్ స్టెఫెన్ అనే మగ పేరుతో ప్రచురించింది. మగ పేరు పెట్టుకుని రాసిన స్త్రీల జాబితా ఏ భాషలోనైనా పెద్దదే. ఆడ పేర్లు పెట్టుకుని రాసిన మగవాళ్లూ ఉన్నారు, మన తెలుగు వారపత్రికల్లోనూ ఉన్నారు. కాకపోతే వాళ్లది మార్కెట్ లెక్క, ఈమెది రక్షణ. ఆ రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

1920లో బెర్లిన్‌లో ఆమెకు హంగరీ నుంచి వచ్చిన యువ చిత్రకారుడు లాస్లో మొహోలి-నాజ్ పరిచయమయ్యాడు. 1921లో, ఆమె పుట్టినరోజు నాడే పెళ్లి జరిగింది. అప్పట్లో ఇల్లు నడిచింది ఆమె ప్రచురణ సంస్థలో సంపాదించిన జీతంతో. అతనికి జర్మన్ సరిగా రాదు, రాయడం ఆమె పని. అతని ఆలోచనలకు వాక్యాలు ఆమెవి. ఆలోచనలైనా పూర్తిగా అతనివేనా అన్నది అసలు ప్రశ్న.

1922లో వాళ్లిద్దరూ కలిసి ఫోటోగ్రామ్‌ల ప్రయోగాలు మొదలుపెట్టారు. దానికి కెమెరా అక్కర్లేదు. చీకటిగదిలో కాంతికి స్పందించే కాగితం మీద వస్తువుల్ని పరిచి, కాసేపు వెలుతురు పడనిస్తారు. వస్తువు అడ్డుపడిన చోట తెలుపు, వెలుతురు తగిలిన చోట నలుపు, గాజులాంటివి పెడితే ఆ రెండింటి మధ్య రకరకాల బూడిద ఛాయలు. చేతి నీడ కూడా బొమ్మే అవుతుంది. ఆధునిక కళాచరిత్రలో ఈ ప్రయోగాలకు పెద్ద పీట ఉంది. ఆ పీట మీద కూర్చున్నది లాస్లో ఒక్కడే.

అదే ఏడాది ఈ ప్రయోగాలకు సిద్ధాంతంగా ఒక వ్యాసం 'డి స్టైల్' పత్రికలో వచ్చింది. దాని శీర్షిక 'ఉత్పత్తి – పునరుత్పత్తి'. గ్రామఫోను, ఫోటో, సినిమా వంటి సాధనాలను ఉన్నదాన్ని తిరిగి చూపడానికే వాడుతున్నారు, వాటితో ఇంతవరకూ లేనిదాన్ని సృష్టించాలి అన్నది దాని సారాంశం. వ్యాసం కింద సంతకం లాస్లో మొహోలి-నాజ్. అది తామిద్దరి ఉమ్మడి కృషి అని లూసియా 1972లో ఒక చిన్న పుస్తకంలో రాసింది. అంటే యాభై ఏళ్ల తర్వాత.

గృహశ్రమ గురించి, పునరుత్పత్తి శ్రమ గురించి ఇన్నేళ్లుగా చర్చిస్తున్న మనకు ఆ శీర్షిక చూస్తే నవ్వు రావాలి. ఉత్పత్తికి విలువ, పునరుత్పత్తికి చిన్నచూపు. ఈ విభజనను కళలో ప్రశ్నించిన వ్యాసమే తన ఇంట్లో దాన్ని అక్షరాలా పాటించింది. సృష్టించినవాడు అతను. జీతం తెచ్చినది, భాష దిద్దినది, చీకటిగదిలో పక్కన నిలబడి ప్రింట్లు వేసినది ఆమె. విప్లవాత్మక కళ అంతా ఇలాగే ఉంటుందని అనను. కానీ విప్లవాత్మకమని చెప్పుకునే ఇంట్లో వంటగది ఎవరిదో, సంతకం ఎవరిదో అడగకుండా దాన్ని విప్లవమని ఒప్పుకోనక్కర్లేదు.

1923లో లాస్లోకి వైమార్‌లోని బౌహౌస్‌లో అధ్యాపకుడిగా ఉద్యోగం వచ్చింది. లూసియా వెంట వెళ్లింది. 1919లో మొదలైన ఆ సంస్థ స్త్రీ పురుష భేదం లేకుండా విద్యార్థుల్ని చేర్చుకుంటామని ప్రకటించింది. తీరా చేరాక అమ్మాయిల్లో ఎక్కువమందిని నేత విభాగానికి పంపింది. లూసియా విద్యార్థి కాదు, అధ్యాపకురాలు కాదు, జీతగత్తె అసలే కాదు. 'మాస్టారి భార్య', అంతే. అక్కడ ఫోటోగ్రఫీ విభాగమే 1929 దాకా లేదు. ఆమె వైమార్‌లో ఓటో ఎక్నర్ స్టూడియోలో అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకుంది. తర్వాత లైప్‌జిగ్ అకాడమీలో చదివింది. బౌహౌస్ డెసావ్‌కి మారాక, అధ్యాపకులకు కట్టిన ఇంట్లో సొంతంగా ఒక చీకటిగది పెట్టుకుంది.

బౌహౌస్‌ని ప్రపంచానికి చూపించిన ఫోటోల్లో సింహభాగం అక్కడి నుంచే వచ్చాయి. భవనాలు, అధ్యాపకుల ఇళ్లు, వాటి లోపలి గదులు, లోహ విభాగంలో తయారైన దీపాలు, మార్సెల్ బ్రోయర్ కుర్చీలు. మరియాన్నె బ్రాండ్ చేసిన చిన్న టీ పాత్ర ఈనాడు ప్రపంచ ప్రసిద్ధం. చేసింది ఒక స్త్రీ, దాన్ని అలా చూడడం నేర్పింది మరొక స్త్రీ. 18x24 సెంటీమీటర్ల గాజు నెగెటివ్‌లు అవి. సంచిలో వేసుకుని పరుగెత్తే కెమెరా కాదు. స్టాండు వేసి, ఏ పూట వెలుతురు ఏ గోడ మీద పడుతుందో చూసుకుని, ఒక్కొక్క పలక ఎక్కించి, తీసి, కడిగి, ఆరబెట్టి, నంబరు వేసి భద్రపరచాలి. ఆ ఫోటోలు పత్రికలకు, సంస్థ ప్రచురణలకు, సరుకుల కేటలాగులకు వెళ్లాయి. గ్రోపియస్, లాస్లో కలిసి తెచ్చిన బౌహౌస్ పుస్తకాల పరంపరలో వ్యాకరణం దగ్గర నుంచి ప్రూఫుల దాకా ఆమె చేసిన పనికి సంపాదకురాలన్న పేరు కూడా లేదు.

"అవి డాక్యుమెంటేషన్ ఫోటోలే కదా, కళ ఏముంది? కళ భవనంలో ఉంది" అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సరే, డాక్యుమెంటేషనే అనుకుందాం. 1945 బాంబుదాడిలో డెసావ్‌లో గ్రోపియస్ నివసించిన ఇల్లు, మొహోలీలు నివసించిన ఇల్లు కూలిపోయాయి. ఆమె చీకటిగది కూడా వాటితోనే పోయింది. కళాశాల భవనం దెబ్బతింది. ఊరు తూర్పు జర్మనీలోకి వెళ్లింది, పడమటి పరిశోధకులకు అక్కడికి వెళ్లడమే కష్టమైంది. ఆ దశాబ్దాల్లో బౌహౌస్ భవనం అంటే ఆమె ఫోటోయే. ఒక ఉద్యమం కీర్తి మొత్తం ఆ 'డాక్యుమెంటేషన్' మీద ఆధారపడి నిలిచింది. అంత అక్కరకొచ్చిన పనిని పని కాదనడానికి ఎంత ధీమా ఉండాలి!

1928లో దంపతులు బౌహౌస్ వదిలారు, మరుసటి ఏడాది విడిపోయారు. లూసియా బెర్లిన్‌లో యోహానెస్ ఇటెన్ నడిపిన కళాశాలలో ఫోటోగ్రఫీ బోధించింది. ఈ కాలంలోనే క్లారా జెట్కిన్ ఫోటో తీసింది. అంతర్జాతీయ మహిళా దినం కోసం 1910లో ప్రతిపాదన చేసిన జెట్కినే. మార్చి 8 పోస్టర్లు వేసే మనం ఈ సంగతి గుర్తు పెట్టుకోవచ్చు.

అప్పటికి ఆమె సహచరుడు థియోడర్ నాయ్‌బావర్, కమ్యూనిస్టు పార్లమెంటు సభ్యుడు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో, ఆగస్టులో, పోలీసులు అతన్ని ఆమె ఇంట్లోనే అరెస్టు చేశారు. (1945 ఫిబ్రవరిలో నాజీలు అతనికి మరణశిక్ష అమలు చేశారు.) యూదు స్త్రీ, కమ్యూనిస్టు సహచరి. ఇల్లు సర్దుకునే వ్యవధి ఆమెకు లేదు. ప్రాగ్, వియన్నా, పారిస్ మీదుగా 1934లో లండన్ చేరింది. దాదాపు 560 గాజు నెగెటివ్‌లు వెనక మిగిలిపోయాయి. గాజు బరువు. పారిపోయేవాళ్లు గాజు మోయలేరు.

పెట్టెలు లాస్లో దగ్గరకు చేరాయి. అతనూ దేశం వదలవలసి వచ్చినప్పుడు అవి గ్రోపియస్ ఇంటికి వెళ్లాయి. గ్రోపియస్ 1937లో హార్వర్డ్‌లో ఉద్యోగానికి అమెరికా వెళ్తూ తన సామానుతో పాటు వాటినీ తీసుకెళ్లాడు. ఆమెకు కబురు లేదు. యుద్ధంలో పోయాయనే ఆమె అనుకుంది.

లండన్‌లో ఆమె ఊరుకోలేదు. పోర్ట్రెయిట్లు తీసి బతికింది. 1939లో పెంగ్విన్ సంస్థ ఆమె రాసిన 'ఎ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ ఫోటోగ్రఫీ' పుస్తకాన్ని చవక ధరకు వేసింది. రెండేళ్లలో 40,000 ప్రతులు అమ్ముడయ్యాయి. ఫోటోగ్రఫీని గొప్ప కళాకారుల వంశావళిగా కాక, దాన్ని వాడిన సమాజంతో కలిపి చదివిన పుస్తకం అది. 1940లో లాస్లో చికాగోలోని తన కళాశాలలో బోధించడానికి ఆమెను పిలిచాడు. అమెరికా వీసా రాలేదు. ఆమె అడుగుపెట్టలేకపోయిన దేశంలో అప్పటికే మూడేళ్లుగా ఆమె నెగెటివ్‌లు పనిచేస్తున్నాయి. 1938లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో 'బౌహౌస్ 1919–1928' ప్రదర్శన జరిగింది. ప్రదర్శనలోనూ కేటలాగులోనూ కలిపి ఆమె ఫోటోలు దాదాపు 50. ఆమె పేరు లేదు. కేటలాగు సంపాదకులు హెర్బర్ట్ బేయర్, వాల్టర్ గ్రోపియస్, ఈజె గ్రోపియస్. ముగ్గురికీ ఆ ఫోటోలు ఎవరు తీశారో తెలియకపోవడానికి ఆస్కారమే లేదు, ముగ్గురూ ఆమెతో అదే ప్రాంగణంలో ఉన్నవాళ్లే. (ఈజె గ్రోపియస్ భర్త కోసం చేసిన జీతం లేని రాతపని గురించి వేరే వ్యాసం రాయాలి. ఒక స్త్రీ శ్రమ కనిపించకపోవడం ఆమెను రెండో స్త్రీ పక్షాన నిలబెడుతుందని మనం ఊహించుకుంటాం. ఎప్పుడూ నిలబెట్టదు.)

యుద్ధకాలంలో లూసియా లండన్‌లో 'ఆస్లిబ్' సంస్థ మైక్రోఫిల్మ్ విభాగాన్ని నడిపింది. శాస్త్ర పత్రికల పేజీలను పొల్లుపోకుండా ఫిల్ము మీదికి ఎక్కించే పని. యుద్ధం తర్వాత యునెస్కో తరఫున టర్కీ తదితర దేశాల్లో గ్రంథాలయాల కోసం అదే పని చేసింది. లోకంలోని కాగితాలన్నిటికీ నకళ్లు తీసి భద్రం చేసిన మనిషి, తన సొంత నెగెటివ్‌లు ఎక్కడున్నాయో తెలియకుండా బతికింది.

తన ఫోటోలు కొత్త కొత్త పుస్తకాల్లో కనబడుతుంటే ఆమెకు అనుమానం వచ్చింది. ప్రింటు నుంచి మళ్లీ ఫోటో తీస్తే అంత స్పష్టత రాదు. ఎవరి దగ్గరో నెగెటివ్ ఉండాలి. 1954లో గ్రోపియస్‌కి రాసింది. నెగెటివ్‌లు తన దగ్గరే ఉన్నాయని అతను ఒప్పుకున్నాడు. బెర్లిన్‌లో ఆమే తనకు ఇచ్చిందని, వాటిని నిరంతరం వాడుకుంటున్నానని, అవి తనకు చాలా ఉపయోగమని, కాబట్టి వాటిని తన నుంచి లాక్కోదని ఆశిస్తున్నానని జవాబిచ్చాడు. ఆ జవాబులో ఉన్న మర్యాద చూడండి. 'నాకు ఉపయోగం' అన్నదే హక్కుగా మారిపోయింది. ప్రాణభయంతో పారిపోతున్న మనిషి వెనక వదిలిన సామాను దానమైపోయింది. ఆమె లాయరును పెట్టుకుంది. 1957లో పెట్టెలు వచ్చాయి. తెరిచి లెక్కపెడితే 230. మిగతా 330 లేవు.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. "గ్రోపియస్ తీసుకెళ్లకపోతే అవి బెర్లిన్ బాంబుల కింద నుగ్గయ్యేవి. కాపాడినందుకు కృతజ్ఞత చూపాలి గదా?" అతనూ ప్రవాసే, కష్టాలు పడ్డాడు, నిజమే. కాపాడడానికి ధన్యవాదాలు చెప్పవచ్చు. కానీ కాపాడినవాడు 'ఇవి నీవి, నా దగ్గర భద్రంగా ఉన్నాయి' అని ఒక ఉత్తరం ముక్క రాయాలి. లండన్‌లో ఆమె చిరునామా దొరకనంత అజ్ఞాతంలో లేదు. ఆమె పుస్తకం 40,000 ఇళ్లల్లో ఉంది! కాపాడడం వేరు, పదిహేడేళ్లు నోరు మెదపకుండా వాడుకోవడం వేరు. ఆ పదిహేడేళ్లలో ఆమె పోగొట్టుకున్నది పేరొక్కటే కాదు. ప్రచురణకర్త కట్టే రుసుము పోయింది. ఉద్యోగానికో వీసాకో 'ఇదీ నేను చేసిన పని' అని చూపించుకునే ఆధారం పోయింది. ఫోటోగ్రాఫర్‌కి నెగెటివ్ రైతుకి పొలం లాంటిది. పంట పక్కింటివాడు కోసుకుంటుంటే, పొలం బీడుపడకుండా చూశాడని మెచ్చుకోమంటారా?

రెండో వాదన మన వైపు నుంచే వస్తుంది, మెత్తగా వస్తుంది. "భార్యాభర్తలు కలిసి చేశారు, ఎవరిది ఎంతని లెక్కలెందుకు? ఉమ్మడి సృజనలో వాటాలేమిటి?" వినడానికి ఎంత బాగుందో. అయితే ఉమ్మడి పనికి రెండు సంతకాలు పెట్టాలని ఎవరికీ తోచదేం? ఉమ్మడితనం ఎప్పుడూ ఆమె వాటా కరిగే దిశలోనే ఎందుకు ప్రవహిస్తుంది? వాళ్లిద్దరి పేర్లూ 'ఎల్' తోనే మొదలవుతాయి. ఇంటిపేరు కూడా లాస్లో తన ఊరు మొహోల్ నుంచి తీసుకున్నదే. 'ఎల్. మొహోలి' అని కనబడితే చదివేవాళ్లు ఎవరిని అనుకుంటారో చెప్పనక్కర్లేదు. మన విశ్వవిద్యాలయాల్లో ఎన్ని సిద్ధాంత గ్రంథాలు భార్యలు ఫీల్డ్ నోట్సు రాసి, టైపు చేసి, ప్రూఫులు దిద్ది ఇస్తే తయారయ్యాయో, ముందుమాట చివర 'నా శ్రీమతి ఓపికకు' అన్న ఒక్క వాక్యంతో ఎలా చెల్లు రాశారో నేను నా వృత్తిలో చూస్తూనే ఉన్నాను.

1959లో లూసియా స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ పక్కన జొల్లికోన్‌లో స్థిరపడింది. కళావిమర్శ రాస్తూ, బౌహౌస్ చరిత్రలో తప్పుగా అచ్చయినవాటిని సరిచేస్తూ ముప్ఫై ఏళ్లు గడిపింది. 1972లో మొహోలి-నాజ్ గురించి రాసిన 'మార్జినల్ నోట్స్' చదివితే కోపం కనబడదు. ఏ సంవత్సరం, ఏ పని, ఎవరు చేశారు అన్న దిద్దుబాట్లు మాత్రమే ఉంటాయి. శీర్షిక 'అంచు రాతలు' అని అర్థమిచ్చేది. అంచులో రాసుకునే హక్కే మిగిలిన మనిషి ఆ అంచునే సాక్ష్యంగా వాడింది. 1983లో, 89వ ఏట, ఒక బ్రిటిష్ ఫోటోగ్రఫీ పత్రికలో 'ది మిస్సింగ్ నెగెటివ్స్' అన్న వ్యాసం రాసి జరిగిందంతా బహిరంగంగా పెట్టింది. 1989 మే 17న, 95 ఏళ్ల వయసులో జ్యూరిక్‌లో చనిపోయింది. 2024లో ఆమె పుట్టిన ప్రాగ్‌లోనే ఆమె మొత్తం కృషి మీద పెద్ద ప్రదర్శన జరిగింది.

ఇలాంటి జీవితాలను 'మరుగున పడిన మహిళామణులు' శీర్షిక కింద వేసే అలవాటు ఒకటి మన పత్రికలకు పట్టుకుంది. నాకు అది నచ్చదు. మరుగున పడడం ఎండ తగ్గి నీడ పడినట్టు సహజంగా వినిపిస్తుంది. లూసియాను ఎవరూ మరచిపోలేదు, రోజూ వాడుకున్నారు. పైగా ఆమెకు జాలి అక్కర్లేదు. ఆమె దగ్గర తీసిన ప్రతి పలకకూ లెక్క ఉంది, అందుకే ఎన్ని పోయాయో చెప్పగలిగింది.

ఈ లెక్క మన దగ్గర ఉందా? మన సంస్థల నివేదికలు తిరగేయండి. సారా దుకాణం ముందు కూర్చున్న స్త్రీలు, పొదుపు సంఘం సమావేశం, భూమి పట్టా పట్టుకున్న ఒంటరి మహిళ. ఆ ఫోటో ఎవరు తీశారు? 'సంస్థ సౌజన్యంతో'. నేను ఒకప్పుడు పనిచేసిన ఒక సంస్థలో, మండల స్థాయి కార్యకర్త ఎండలో తిరిగి తీసిన ఫోటోలన్నీ ఇలాగే అచ్చయ్యాయి. దాతలకిచ్చిన ప్రతిలో 'ఫోటోలు' అన్నచోట డైరెక్టరు పేరు ఉంది. ఆయన ఆ ఊళ్లకు వెళ్లలేదు. అడిగితే, "మనది ఉద్యమం, వ్యక్తిగత గుర్తింపు ఏమిటమ్మా" అన్నారు. గ్రోపియస్ కూడా ఇంత చక్కగా చెప్పలేదు. వ్యక్తిగత గుర్తింపు వద్దనేవాళ్ల వ్యక్తిగత పేరు మొదటి పేజీలో ఎప్పుడూ ఉంటుంది.

చట్టం ఏం చెబుతుందో మన కార్యకర్తలకు తెలియాలి. మన కాపీరైటు చట్టం కూడా 1957దే. ఫోటో తీసిన వ్యక్తే దాని కర్త అంటుంది. ఉద్యోగంలో భాగంగా తీస్తే, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి తీయించుకున్నవాళ్లది. ఇది శ్రమ వైపు నిలబడే సూత్రం కాదు, దీని మీద కొట్లాడవలసినది చాలా ఉంది. అయినా సెక్షన్ 57 ప్రకారం, కాపీరైటు చేతులు మారినా, ఆ పని తనదని చెప్పుకునే హక్కు కర్తకే ఉంటుంది. అంటే పేరు వేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. జీతం ఇచ్చాం కాబట్టి పేరు అక్కర్లేదనే సంస్థకు చట్టం అండ లేదు.

ఇప్పుడు గాజు పలకలు లేవు, ఫోన్లున్నాయి. ఫోటో తీసిన నిమిషంలో వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది, అక్కడి నుంచి జిల్లా ఆఫీసుకి, అక్కడి నుంచి బ్రోషరుకి. మూడో చేతికి చేరేసరికి తీసినమ్మాయి పేరు రాలిపోతుంది. అందులో కనిపించే స్త్రీని అడిగి తీశారా, అడగకుండానా అన్నది కూడా అదే దారిలో పోతుంది.

ఈ పత్రిక సంపాదకవర్గానికి నాదొక ప్రతిపాదన. వచ్చే సంచిక నుంచి తీసినవారి పేరు, ఊరు, తేదీ లేని ఫోటో వేయవద్దు. పాత సంచికల్లో 'సౌజన్యం' అని వేసినవాటికి పేర్లు పంపమని పాఠకుల్ని అడుగుదాం. సంస్థల్లో పనిచేస్తున్నవాళ్లు మీ కంప్యూటర్లలో ఉన్న ఫోల్డర్లు ఒకసారి తెరిచి చూడండి, ఎవరు ఏ ఫోటో తీశారో గుర్తున్నవాళ్లు ఇంకా ఉద్యోగంలో ఉండగానే.